స్ట్రెయిట్‌గా వేయాలా, హుక్ వేయాలా? టెన్‌పిన్ బౌలింగ్‌లో చెయ్యి ఎక్కడుంచాలి, బంతి ఎలా వదలాలి

బెజవాడలో వారాంతం సాయంత్రం ఏ మాల్ గేమ్ జోన్‌లోనైనా బౌలింగ్ లేన్ల వెనక కాసేపు నిలబడితే ఒక దృశ్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. కుర్రాడు బంతిని బిగించి పట్టుకుని, నాలుగడుగులు దూకుడుగా వచ్చి, వదిలేటప్పుడు మణికట్టును సర్రున తిప్పేస్తాడు. వీడియోల్లో చూసినట్టు బంతి చివర్లో ఎడమకు వంగాలని, అంటే హుక్ రావాలని ఆశ. బంతి గిర్రున తిరుగుతుంది కానీ వంగదు. అలాగే జారుకుంటూ పోయి ఎడమ గట్టర్‌లో, అంటే లేన్ పక్క గాడిలో, పడుతుంది. వెనకనుంచి స్నేహితుడు "ఇంకొంచెం గట్టిగా తిప్పు మామా" అంటాడు.

ఆ సలహాతోనే ఆట పాడవుతుంది. ఎంత తిప్పాలన్నది తర్వాతి సంగతి. చెయ్యి ఎక్కడ ఉండాలో ముందు బంతిని బట్టి, దాని రంధ్రాలను బట్టి, లేన్‌ను బట్టి తేలుతుంది. బంతి వదలడానికి మన ముందున్న దారులు ఇవి: చెయ్యి పూర్తిగా బంతి వెనక ఉంచి స్ట్రెయిట్‌గా వదలడం, చివర్లో షేక్‌హ్యాండ్ స్థితికి వచ్చి హుక్ వేయడం, సూట్‌కేస్ పట్టినట్టు పక్కనుంచి వదలడం, బొటనవేలు పెట్టకుండా ఒక చేత్తోనో రెండు చేతులతోనో వేయడం. విజయవాడ, గుంటూరు నుంచి మాల్ లేన్లకు వెళ్లి, అక్కడి బంతితోనే ఆడేవాళ్లలో ఎక్కువమందికి మొదటిదే సరైనదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను, ఎవరికి కాదో కూడా చెప్తాను. ఇదంతా కుడిచేతి వాటం వాళ్లకు రాసింది. ఎడమచేతి వాళ్లు దిక్కులు తిరగేసి చదువుకోండి.

అక్కడి బంతి ఏం చేయగలదు

రాక్ మీద వరసగా ఉండే రంగురంగుల బంతులను హౌస్ బాల్స్ అంటారు. వీటి పైపొర సాధారణంగా పాలియెస్టర్ ప్లాస్టిక్. నున్నగా, గట్టిగా ఉంటుంది, లేన్‌కు పూసే ఆయిల్ మీద జారిపోతుంది. ప్రొఫెషనల్స్ వాడే రియాక్టివ్ రెసిన్ బంతులు వేరు. 1990ల మొదట్లో వచ్చిన ఈ పైపొర ఆయిల్‌ను పీల్చుకుంటుంది, ఆయిల్ లేని చోటుకు రాగానే లేన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. లోపలి కోర్ ఆకారం కూడా ఆ మలుపుకు సాయపడేలా తయారుచేస్తారు. అంటే వీడియోలో కనిపించే మలుపులో సగం పని బంతిదే. ఆ చేతినే మనం అనుకరించి, ప్లాస్టిక్ బంతితో అదే ఫలితం రావాలనుకుంటే రాదు.

ఇక లేన్. బంతి వదిలేటప్పుడు కాలు దాటకూడని ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. వెడల్పు దాదాపు మూడున్నర అడుగులు, దాన్ని 39 సన్నని పట్టీలుగా లెక్కిస్తారు. ఆయిల్ మామూలుగా మొదటి 40 అడుగుల చుట్టుపక్కల దాకే ఉంటుంది. మధ్య పట్టీల మీద ఎక్కువ, అంచుల్లో తక్కువ. చివరి భాగం పొడి. బంతి ముందు జారుతుంది, తర్వాత మలుపు తీసుకుంటుంది, చివరికి దొర్లుతుంది. హుక్ పుట్టేది ఆ పొడి భాగంలోనే.

పోటీలు జరిగే సెంటర్లలో ఆయిల్‌ను మెషీన్‌తో ఒక లెక్క ప్రకారం వేస్తారు. గేమ్ జోన్‌లో అంత పట్టింపు ఉంటుందని ఆశించకండి. ఒక లేన్ జారుడుగా, పక్క లేన్ పొడిగా ఉండొచ్చు. బాగా పొడిగా ఉన్న లేన్ మీద ప్లాస్టిక్ బంతి కూడా కొంచెం వంగుతుంది. అందుకే అప్పుడప్పుడూ హుక్ "వచ్చేసింది" అనిపిస్తుంది. మరుసటి వారం అదే చెయ్యి, అదే బంతి, హుక్ మాత్రం ఉండదు. వచ్చిన రోజు ఆ ఘనతలో ఎక్కువ వాటా లేన్‌దే.

హుక్‌కు ఎందుకంత పేరు

మొదటి బంతికే పది పిన్నులూ పడిపోతే స్ట్రైక్. కుడిచేతి వాళ్లకు అది పడే చోటు అన్నిటికంటే ముందున్న ఒకటో పిన్నుకు, దాని వెనక కుడిపక్కనున్న మూడో పిన్నుకు మధ్య. దాన్ని పాకెట్ అంటారు. పక్కాగా పడిన స్ట్రైక్‌లో బంతి స్వయంగా తాకేవి నాలుగే పిన్నులు: 1, 3, 5, 9. మిగతా ఆరూ ఒకదాన్నొకటి కొట్టుకుని పడతాయి. ఒకటో పిన్ను తగలగానే బంతి కాస్త కుడికి చెదురుతుంది. ఎక్కువ చెదిరితే మధ్యలో ఉన్న ఐదో పిన్ను నిలబడిపోతుంది. పాకెట్‌లోకి వాలుగా వచ్చే బంతి ఆ చెదురుడును తట్టుకుంటుంది. నాలుగు నుంచి ఆరు డిగ్రీల వాలు ఉంటే మంచిదని బౌలింగ్ లెక్క. లేన్ కుడి అంచు నుంచి నేరుగా పాకెట్‌కి గీత గీసి చూడండి, కోణం ఒకటిన్నర డిగ్రీ దగ్గరే ఆగిపోతుంది. మిగతా కోణం మలుపు వల్లే రావాలి. హుక్ గొప్పతనం అంతా ఇదే. స్టైల్ కోసం పుట్టింది కాదు.

దీన్నిబట్టి స్ట్రెయిట్ బంతి పనికిరాదని తేల్చేయకండి. స్కోరు లెక్క చూడండి. ఒక్క స్ట్రైక్ కూడా లేకుండా, ప్రతి ఫ్రేమ్‌లో (ఆటలో ఉండే పది వంతుల్లో ఒకటి) మొదటి బంతికి తొమ్మిది పడేసి, రెండో బంతికి మిగిలిన ఒక్కటీ లేపేస్తే, చివరి అదనపు బంతికి కూడా తొమ్మిదే పడితే, ప్రతి ఫ్రేమ్ పదికీ తర్వాతి బంతి తొమ్మిదీ కలుస్తాయి కాబట్టి మొత్తం 190. మాల్ లేన్ల మీద 190 కొట్టేవాళ్లు కనిపించడం అరుదు. మనలో ఎక్కువమంది స్కోరు ఆగేది స్ట్రైకులు తక్కువై కాదు, మిగిలిన ఒకటి రెండు పిన్నులు వదిలేయడం వల్ల. స్పేర్‌కి, అంటే మిగిలిన పిన్నులను రెండో బంతితో పడేయడానికి, కావాల్సింది గీత తప్పని బంతి. రియాక్టివ్ బంతితో పెద్ద హుక్ వేసే ప్రొఫెషనల్స్ కూడా కుడి మూలనున్న పదో పిన్ను మిగిలితే ప్లాస్టిక్ బంతి తీసుకుని, చెయ్యి వెనక పెట్టి స్ట్రెయిట్‌గానే వేస్తారు. హుక్ నేర్చుకున్నా స్ట్రెయిట్ రిలీజ్ అవసరం పోదు. స్ట్రెయిట్‌తో సరిపెట్టుకున్నవాడికి హుక్ లేకపోయినా ఆట ఆగదు.

చెయ్యి ఎక్కడ ఉంది? గడియారంతో కొలుద్దాం

బంతిని వెనకనుంచి చూస్తున్నట్టు, దాని మీద గడియారం ముళ్లు ఉన్నట్టు ఊహించుకోండి. కోచ్‌లు వాడే కొలతే ఇది.

స్ట్రెయిట్ రిలీజ్‌లో బొటనవేలు 12 దగ్గర, మధ్యవేలు, ఉంగరపు వేలు 6 దగ్గర. అరచెయ్యి పిన్నుల వైపు చూస్తూ ఉంటుంది. ఊపు కింది భాగానికి వచ్చి, ముందుకు జారిన పాదం మడమను బంతి దాటేసరికి బొటనవేలు ముందు బయటికి వస్తుంది, రెండు వేళ్లు ఆ వెంటనే. చెయ్యి తిరగదు. అలాగే ముందుకు, పైకి సాగుతుంది. బంతి చక్రంలా నిటారుగా దొర్లుతుంది.

హుక్ రిలీజ్‌లో కూడా మొదలు దాదాపు ఇక్కడినుంచే. చాలామందికి తెలియనిది ఇదే. మొదటి అడుగు నుంచే చెయ్యిని పక్కకు తిప్పి పెట్టుకోరు. చెయ్యి బంతి వెనకే ఉండి, బొటనవేలు బయటికి జారిన క్షణంలో వేళ్లు 6 నుంచి 4 దాకా, కాస్త గట్టిగా వేస్తే 3 వైపు వస్తాయి. పూర్తయ్యేసరికి చెయ్యి షేక్‌హ్యాండ్ ఇవ్వబోతున్నట్టు ఉంటుంది. తిరిగే కదలిక చిన్నది. గడియారం మీద రెండు అంకెలంత, అంతే. ఆ రెండు అంకెలూ బొటనవేలు వచ్చేశాక తిరగాలి. బొటనవేలు ఇంకా లోపల ఉండగానే తిప్పితే చెయ్యి బంతి మీదికెక్కుతుంది, బొటనవేలు నేలను చూస్తుంది. బంతి బొంగరంలా ఉన్నచోటే తిరుగుతూ జారిపోతుంది, పిన్నుల్ని తోసే బలం ఉండదు. మొదట చెప్పిన కుర్రాడికి జరిగేది ఇదే.

ఇక్కడ క్రికెట్ అలవాటు కూడా అడ్డొస్తుంది. మన దగ్గర బంతి పట్టడం నేర్చుకునేది గల్లీ క్రికెట్‌లో కదా. కుడిచేతి ఆఫ్ స్పిన్నర్ చెయ్యి సవ్యదిశలో తిరుగుతుంది. టెన్‌పిన్‌లో అదే దిశలో తిప్పితే వేళ్లు 7 వైపు పోతాయి, బంతి కుడికి వంగుతుంది. దాన్ని బ్యాకప్ బాల్ అంటారు. హుక్ తిరిగేది లెగ్ బ్రేక్ దిశలో. ఆఫ్ స్పిన్ వేసే అలవాటున్నవాళ్లు "నా బంతి ఎప్పుడూ కుడికే పోతోంది" అంటే కారణం తరచూ అక్కడే దొరుకుతుంది. బ్యాకప్ బాల్ వేయడం తప్పేమీ కాదు, దానితో బాగా ఆడేవాళ్లూ ఉన్నారు. కానీ మోచెయ్యి, మణికట్టు సహజంగా లోపలికి తిరుగుతాయి కాబట్టి, బయటికి తిప్పుతూ ఏళ్ల తరబడి వేయడాన్ని నేను సిఫారసు చేయను.

సూట్‌కేస్ రిలీజ్ ఈ రెంటికీ మధ్య రాజీ. మొదటినుంచి చివరిదాకా చెయ్యి బంతి పక్కనే, బొటనవేలు 10 దగ్గర ఉంచి, ఏమీ తిప్పకుండా వదిలేయడం. తిప్పే క్షణం గురించి టెన్షన్ ఉండదు, కొద్దిగా హుక్ దానంతట అదే వస్తుంది. చిక్కేమిటంటే చెయ్యి వెనక లేదు కాబట్టి బంతికి తోపు తగ్గుతుంది, బొటనవేలి రంధ్రం వదులుగా ఉంటే బంతి ముందే జారి పడిపోతుంది. వదులు రంధ్రాల హౌస్ బాల్స్ సంగతి తెలిసిందే కాబట్టి, ఇది సొంత బంతి ఉన్నవాళ్లకే నప్పుతుంది. లేన్ మరీ పొడిగా ఉండి, మీ హుక్ అతిగా వంగుతున్న రోజున కూడా పనికొస్తుంది.

బొటనవేలు తీసేస్తే?

ఈమధ్య పిల్లలు ఎక్కువగా అడిగేది రెండు చేతుల పద్ధతి గురించే. ఆస్ట్రేలియా ఆటగాడు జేసన్ బెల్మాంటే చిన్నప్పుడు బరువు ఆపలేక రెండు చేతులతో మొదలుపెట్టి, అలాగే పెద్దయి, అమెరికా ప్రొఫెషనల్ టూర్‌లో 15 మేజర్ టైటిళ్లు గెలిచాడు. ఫిన్లాండ్‌కు చెందిన ఓస్కు పాలెర్మా కూడా ఈ పద్ధతికి పేరు తెచ్చాడు. రెండు చేతులంటే రెండు చేతులతో విసరడం కాదు. కుడిచేతి రెండు వేళ్లు రంధ్రాల్లో ఉంటాయి, ఎడమచెయ్యి బంతి మీద ఆనించి చివరిదాకా తోడొస్తుంది. వదిలే క్షణానికి ముందు తప్పుకుంటుంది. వదిలేది కుడిచెయ్యే. బొటనవేలు ఇరుక్కునే సమస్య లేదు, చెయ్యి బంతి కిందికి బాగా వెళ్తుంది, అందుకే నిమిషానికి 400కు పైగా చుట్లు తిప్పగలుగుతారు.

హౌస్ బాల్‌తో హుక్ కావాల్సిందే అని పట్టుబట్టేవాళ్లకు నిజంగా పనిచేసే దారి ఇదొక్కటే. రంధ్రం వదులైనా బిగువైనా బొటనవేలితో పనే లేదు కదా. ప్లాస్టిక్ బంతి కూడా అన్ని చుట్లు తిరిగితే ఎంతో కొంత వంగుతుంది. కానీ నడుము బాగా వంచాలి, అడుగులు వేరు, చివరి అడుగులకు ముందు చిన్న గెంతు లాంటిది ఉంటుంది. పదిహేనేళ్ల పిల్లవాడు సరదాగా నేర్చేసుకుంటాడు. రోజంతా ఆఫీసు కుర్చీలో కూర్చుని నడుం పట్టేసినవాళ్లు నెలకోసారి వచ్చి దీన్ని ప్రయత్నించడం నాకు నచ్చదు.

ఒక చేత్తోనే, బొటనవేలు బయట పెట్టి, అరచేతిలో బంతిని మోస్తూ వేసేవాళ్లూ ఉంటారు. మాల్స్‌లో ఇదే ఎక్కువ చూస్తాం. బరువంతా మణికట్టు మోయాలి కాబట్టి తేలిక బంతి తీసుకోక తప్పదు, తేలిక బంతి పిన్నులకు తగిలి ఎక్కువ చెదురుతుంది. గురి కూడా నిలవదు. రెండు చేతుల పద్ధతికి ఉన్న లాభాల్లో సగమే వస్తుంది, నష్టాలు మాత్రం అన్నీ వస్తాయి. రెంట్లో ఒకటి ఎంచుకోవాలంటే రెండు చేతులదే ఎంచుకోండి.

పోటీల ఆలోచన ఉన్నవాళ్లు ఒక నిబంధన తెలుసుకోవాలి. అమెరికా నిబంధనల సంస్థ యూఎస్‌బీసీ 2020 ఆగస్టు నుంచి బంతిలో వాడని రంధ్రం ఉండకూడదని చెప్పింది. బొటనవేలు పెట్టని ఆటగాడి బంతికి బొటనవేలి రంధ్రమే ఉండకూడదు. మాల్‌లో సరదా ఆటకు ఇది వర్తించదు.

అసలు ఆట బొటనవేలి దగ్గరే

పద్ధతి ఏదైనా, బొటనవేలు వాడేవాళ్లకు రిలీజ్ బాగుపడేదీ చెడేదీ ఈ ఒక్క చోటే. బంతి చేతిలోంచి తనంతట తాను జారాలి. వదలాలని వేలు తెరవకూడదు, పడిపోతుందని బిగించకూడదు. బిగించారంటే కారణం భయమైనా అయ్యుండాలి, రంధ్రం వదులైనా అయ్యుండాలి.

హౌస్ బాల్‌లో ఒక చిక్కుంది. బంతి బరువు పెరిగేకొద్దీ రంధ్రాలు పెద్దవవుతాయి. 8 పౌండ్ల బంతిని చిన్నపిల్లల వేళ్లకు, 15 పౌండ్లదాన్ని పెద్ద చేతులకు అని తయారుచేస్తారు. లావు వేళ్లున్న సన్నటి మనిషికి తగిన బరువులో వేలు పట్టదు, వేలు పట్టిన బంతి బరువు మోయలేడు. శరీర బరువులో పదో వంతు ఉండాలనే పాత లెక్క ప్రకారం 65 కిలోల మనిషికి 14 పౌండ్ల బంతి రావాలి. అలవాటు లేనివాళ్లు దానికి రెండు మూడు పౌండ్లు తగ్గించి మొదలుపెట్టడమే మేలు. అయితే బరువు, రంధ్రం రెండూ కుదరకపోతే రంధ్రానికే ఓటు వేయండి. ఒక పౌండు తేడాను భుజం సర్దుకుంటుంది, వదులు రంధ్రాన్ని చెయ్యి సర్దుకోలేదు.

ఎంచుకోవడం ఇలా: మధ్యవేలు, ఉంగరపు వేలు రెండో కణుపు దాకా పెట్టండి. తర్వాత బొటనవేలు మొదలంటా వెళ్లాలి. లోపల వేలిని అటూ ఇటూ తిప్పితే గోడలు తగులుతూ తిరగాలి, చర్మం మడతపడకూడదు. చెయ్యి కిందికి వేలాడదీసి మెల్లగా ఊపండి. బొటనవేలి కణుపు వంచి బంతిని పట్టుకోవాల్సి వస్తే ఆ బంతి వద్దు. బయటికి లాగినప్పుడు "టప్" అని గట్టిగా చప్పుడొస్తే బిగువు ఎక్కువ. చూపుడువేలు, చిటికెనవేలు బంతి మీద తేలిగ్గా ఆనాలి, గుచ్చుకున్నట్టు నొక్కకూడదు. గోళ్లు పొడుగ్గా పెంచుకున్నవాళ్లు ఇంకాస్త పెద్ద రంధ్రం చూసుకోవాల్సిందే, వేరే దారి లేదు.

ఇప్పుడు మన ఊళ్ల ప్రత్యేక సమస్య: ఎండ, చెమట. మే నెలలో గుంటూరు నుంచి మంగళగిరి మీదుగా బండి మీద వచ్చి, నేరుగా ఏసీలోకి అడుగుపెట్టి బంతి ఎంచుకుంటే, వేడికి ఉబ్బిన వేలికి సరిపోయే రంధ్రం దొరుకుతుంది. అరగంట చల్లగాలికి వేలు సన్నబడుతుంది, అదే బంతి వదులవుతుంది. మీరు తెలియకుండానే బిగించడం మొదలుపెడతారు, మూడో ఆటకు ముంజెయ్యి లాగేస్తుంది. అందుకని రాగానే బంతి ఎంచుకోకండి. బూట్లు మార్చుకుని, నీళ్లు తాగి, పది నిమిషాలు కూర్చుని అప్పుడు చూడండి. ఆట మధ్యలో వదులనిపిస్తే బంతి మార్చుకోవడానికి మొహమాటపడొద్దు. జేబులో చిన్న నూలు తువ్వాలు ఉంచుకోండి. బంతులు తిరిగొచ్చే చోట గాలి వచ్చే రంధ్రం ఉంటే వేసేముందు చెయ్యి దానిమీద పెట్టండి. మధ్యలో పునుగులో ఫ్రైసో తింటే ఆ చెయ్యి సబ్బుతో కడుక్కుని రండి. నూనె వేలికి ఏ టెక్నిక్కూ పనిచేయదు.

ఎక్కువగా ఆడేవాళ్లకు బొటనవేలి మొదట్లో, లోపలి వైపు తిమ్మిరి, నొప్పి రావొచ్చు. రంధ్రం అంచు అక్కడి నరాన్ని పదేపదే నొక్కడం వల్ల వచ్చే సమస్య ఇది. వైద్యులు దీన్ని బౌలర్స్ థంబ్ అనే పిలుస్తారు. తిమ్మిరి రోజుల తరబడి ఉంటే ఆట ఆపి డాక్టర్‌కి చూపించుకోవాలి.

మణికట్టు, సపోర్ట్ పట్టీ

మణికట్టు మూడు రకాలుగా ఉండొచ్చు. లోపలికి వంచి బంతిని దోసిట్లో పెట్టుకున్నట్టు పట్టడాన్ని కప్పింగ్ అంటారు. దీనితో బొటనవేలు త్వరగా బయటపడి, వేళ్లు ఎక్కువసేపు ఉండి, చుట్లు పెరుగుతాయి. బలం కూడా అంతే ఎక్కువ కావాలి. నిటారుగా, ముంజేతితో ఒకే గీతలో ఉంచడం రెండోది. వెనక్కి వాలిపోనివ్వడం మూడోది. దీనివల్ల చుట్లు తగ్గుతాయి, అందుకే కొందరు ప్రొఫెషనల్స్ స్పేర్లకు కావాలనే ఇలా వేస్తారు. హౌస్ బాల్‌కి నిటారు మణికట్టు చాలు. బరువుకు దానంతటదే వెనక్కి వాలుతోందంటే బంతి మీకు బరువెక్కువైనట్టు. మణికట్టు సపోర్ట్ పట్టీ కొనడానికి తొందరపడకండి. పట్టీ మణికట్టును నిలబెడుతుంది కానీ బొటనవేలి బిగింపును తగ్గించదు. ఎక్కువమంది తప్పు ఆ బిగింపులోనే ఉంటుంది.

ప్రాక్టీస్ డబ్బు ఎలా ఖర్చుపెట్టాలి

ఆటకింత అని వసూలు చేస్తారు, ఒక ఆటలో ఎక్కువలో ఎక్కువ 21 బంతులు. నలుగురు స్నేహితులతో శనివారం సాయంత్రం వెళ్తే మీ వంతు వచ్చేసరికి చెయ్యి చల్లబడుతుంది. అది సరదా, ప్రాక్టీస్ కాదు. నేర్చుకోవాలనుకుంటే పనిరోజు మధ్యాహ్నం, ఇద్దరే వెళ్లండి. ఒకరు వేస్తుంటే ఇంకొకరు వెనకనుంచి ఫోన్‌లో స్లో మోషన్ తీయాలి. వీడియోలో మూడు చూడండి: బొటనవేలు వేళ్లకంటే ముందు వచ్చిందా, వదిలిన వెంటనే బొటనవేలు పైకి ఉందా నేల వైపు తిరిగిందా, మోచెయ్యి ఒంటికి దూరంగా బయటికి పోయిందా. స్కోరు బోర్డు ఆరోజుకి చూడకండి.

బంతి లేన్ మీద ధబ్ మని దూరంగా పడుతోందంటే బొటనవేలు ఆలస్యంగా వస్తోంది. ముందు రంధ్రం మార్చి చూడండి, చెయ్యిని తర్వాత అనుమానించండి. బంతి పాదం పక్కనే జారి పడుతోందంటే రంధ్రం వదులు. అదేపనిగా ఎడమకి పోతోందంటే చెయ్యి ఒంటి అడ్డంగా లాగుతున్నారో, ముందే తిప్పేస్తున్నారో చూడాలి.

గురికి పిన్నుల వైపు చూడొద్దు. ఫౌల్ లైన్ దాటాక పన్నెండు నుంచి పదహారు అడుగుల దూరంలో ఏడు బాణం గుర్తులుంటాయి, ఐదు పట్టీలకొకటి. స్ట్రెయిట్‌గా పాకెట్‌కి వేయాలంటే ఫౌల్ లైన్ దగ్గర కుడి అంచు నుంచి ఏడో ఎనిమిదో పట్టీ మీద బంతి దించి, కుడినుంచి రెండో బాణం మీదుగా పంపండి. ఆ గీత దాదాపు పాకెట్‌కే వెళ్తుంది. పదో పిన్ను ఒక్కటే మిగిలితే ఎడమవైపుకి జరిగి లేన్‌కు అడ్డంగా వేయండి.

ఇంటి దగ్గర ఖర్చులేని సాధన ఒకటుంది. టెన్నిస్ బంతి చుట్టూ పెన్నుతో గీత గీసి, డాబా మీద ఆ గీత నిలువుగా ఉండేలా పట్టుకుని, అరచెయ్యి వెనకే ఉంచి దొర్లించండి. గీత ఊగకుండా వెళ్తే చెయ్యి తిరగలేదు. తూలితే తిరిగింది. స్ట్రెయిట్ నిలిచాక, అదే బంతితో వేళ్లను 6 నుంచి 4 దాకా తెచ్చి, గీత ఎంత వాలుతోందో చూసుకోవచ్చు.

సొంత బంతి ఎప్పుడు

సొంత బంతి వల్ల మొదట వచ్చే లాభం మీ వేళ్లకు కొలిచి తొలిచిన రంధ్రాలు. పైపొర గొప్పతనం ఆ తర్వాత. సొంత బంతికి ఫింగర్‌టిప్ పట్టు పెట్టించుకోవచ్చు: రెండు వేళ్లు మొదటి కణుపు దాకానే, బొటనవేలు పూర్తిగా. దీనితో బొటనవేలు ముందు రావడం, వేళ్లు ఆఖర్న లాగడం తేలికవుతాయి. హుక్ నేర్చుకోవాలన్న కోరిక గట్టిగా ఉంటే అప్పుడు రియాక్టివ్ రెసిన్‌లో మామూలు రకం తీసుకోండి, ఖరీదైనది అక్కర్లేదు. హౌస్ బాల్ ఆడే పద్ధతిని, అంటే రెండో కణుపు దాకా పెట్టే కన్వెన్షనల్ పట్టును, కొత్త బంతికి కూడా పెట్టించి హుక్ కోసం ఎదురుచూడటం వృథా.

కొనేముందు మూడు సంగతులు వాకబు చేయండి. మీరు వెళ్లే చోట బయటి బంతిని అనుమతిస్తారా? అక్కడి పిన్నులకు, వాటిని పైకి లాగి నిలబెట్టే తాళ్లున్నాయా, లేవా? తాళ్లున్న పిన్నులు పడే తీరు వేరు, అక్కడ పెద్ద హుక్ కోసం డబ్బు పోయడం నాకు సమంజసంగా అనిపించదు. చేతికి కొలిచి డ్రిల్ చేసే మనిషి ఎక్కడున్నాడు? ఆన్‌లైన్‌లో బంతి ముందు తెప్పించుకుని, రంధ్రాలు తర్వాత చూద్దాంలే అనుకుంటే అది షోకేస్‌లో కూర్చుంటుంది. గుంటూరు నుంచి వచ్చేవాళ్లు రైల్లో ఆరున్నర కిలోల సంచి మోసుకొచ్చే ఓపిక ఉందో లేదో కూడా ఆలోచించుకోండి.

డ్రిల్ చేయించే రోజు ఉదయంపూట, ఎండలో తిరగకముందు వెళ్లండి. కొలత తీసేటప్పుడు వేళ్లు బిగబట్టకండి. బొటనవేలి రంధ్రం వెంట్రుకవాసి వదులుగానే తొలిపించుకుని, లోపల బౌలింగ్ టేపు ముక్కలు అతికించి బిగువు సరిచేసుకోండి. వేలు ఉబ్బిన రోజు ఒక ముక్క పీకేయొచ్చు, సన్నబడిన రోజు ఇంకొకటి అతికించొచ్చు.